ఎవరి కట్ట వాళ్లది

"ఎవరు కోసినారు దీన్ని?"

ఖాదర్ మొహిద్దీన్ ఆ మాట అడగడం అది మూడోసారి. పొద్దున నమాజు ముగించుకుని నడింట్లోకి వచ్చేసరికి, అయిదు రోజులుగా తను తప్ప ఇంకెవరూ ముట్టని రికార్డు చాప మీద విడివిడి కాగితాలుగా పడి ఉంది. వెన్ను కుట్టు తెగి ఉంది.

"నేనే మామా," అంది కోడలు ముంతాజ్ బేగం. కత్తెర ఇంకా ఆమె చేతిలోనే ఉంది. దాన్ని దాచే ప్రయత్నం చేయలేదు.

"ముప్పయ్యేళ్లు కోర్టులో నకళ్లు రాసినా. ఒక్క రికార్డు కుట్టు విప్పలా. అది కచేరి సొత్తు. వకీలు పరంజ్యోతిగారు నా మొహం చూసి పన్నెండు రోజులకి ఇప్పించినారు."

"పన్నెండులో అయిదు అయిపోయినాయి. తొమ్మిదొందల పది పుటల్లో మీరు రాసింది రెండొందల పది. మిగిలింది ఏడు రోజులు, ఏడొందల పుటలు. కుట్టు ఉన్నంతసేపూ ఒక్కరే కూర్చోని రాయాల. విడదీస్తే నలుగురం రాయొచ్చు."

ఆమె చెప్పిన లెక్కలో తప్పు లేదు. అదే ఆయనకు కష్టంగా ఉంది.

జువ్వలదిన్నె పక్కన పట్టపుపాళెంలో సముద్రం కోసుకుపోయిన ఇళ్ల మీద జరిగిన విచారణ రికార్డు అది. నాలుగొందల పైచిలుకు కుటుంబాల వాంగ్మూలాలు, ఒకదాని వెనక ఒకటి. ఒడ్డున సొంత ఇల్లు ఉండేదని తేలినవాళ్లకే మెట్ట మీద ఇంటిస్థలం. అసలు రికార్డు కచేరికి తిరిగి వెళ్లేలోపల పూర్తి నకలు వకీలు చేతికి అందాలి. అందకపోతే ఆయన దేన్ని పట్టుకుని వాదిస్తాడు?

"నలుగురు రాస్తారు. అసలుతో సరిచూసినానని సంతకం పెట్టేది ఎవరు? నేను. నేను చూడని పుట కింద నా పేరు పెట్టను."

ముంతాజ్ చాప మీద నుంచి మూడు కాగితాలు తీసింది. అవి మామగారి దస్తూరీలోవే.

"మామా, నేను చెప్పకూడదనుకున్నా. నూట డెబ్భయ్యో పుటలో ఒకే వరస రెండుసార్లు రాసినారు. ఇక్కడా అంతే. ఇక్కడ ఒక వరస వదిలేసినారు."

పోస్టాఫీసు పనికి బయల్దేరబోతున్న కొడుకు అబ్దుల్ రజాక్ గుమ్మంలో ఆగిపోయాడు. కూతురు జమాల్‌బీ వదిన వైపు, తండ్రి వైపు మార్చి మార్చి చూసింది. మదార్‌బీ ఒక్కతే భర్త మొహం చూడలేదు. రెండు నెలలుగా ఆయన కంచంలో ఉప్పు ఎక్కడుందో చేత్తో తడుముకోవడం ఆమె చూస్తూనే ఉంది.

ఖాదర్ మొహిద్దీన్ ఆ కాగితాలు అందుకోలేదు.

"చేసుకోండి," అన్నాడు. "నన్ను మాత్రం ఏదీ అడగొద్దు."

వరండాలోకి పోయి, నమాజు చేసుకునే జానిమాజ్ పరిచిన మూల కూర్చున్నాడు. ఆ రోజు నుంచి కోడలితో మాట మానేశాడు.

*

మొదటి రోజు పని పాడయింది.

పక్కింటి మగ్దలీనమ్మ మిషను బళ్లో టీచరు. దసరా సెలవులని సాయానికి వచ్చింది. ఆమె, జమాల్‌బీ, ముంతాజ్, పోస్టాఫీసు నుంచి మధ్యాహ్నానికే వచ్చిన రజాక్, నలుగురూ ఒకే చాప చుట్టూ కూర్చున్నారు. నడుమ పేర్ల పుస్తకం. పాళెంలో ఒకే పేరుతో పదిమంది ఉంటారు. ఎవరు ఏ ఇంటివారో, ఏ పేరు ఎట్లా రాయాలో తేడా రాకూడదని ఖాదర్ మొహిద్దీన్ మొదటి నుంచీ రాసుకొస్తున్న పుస్తకం అది.

"ఈ ముత్యాలయ్యా ఆ ముత్యాలయ్యా ఒకరే," అని జమాల్‌బీ ఒక పేరు కొట్టేసింది.

అదే పేజీ అవతలి వైపు నుంచి చూస్తూ మగ్దలీనమ్మ, "ఇద్దరు. తండ్రి పేర్లు వేరుగదా," అని దాన్ని మళ్లీ పైన రాసింది.

అది చూడని రజాక్ తన పుటలో ఉన్న మూడో ముత్యాలయ్యను ఆ రెండింటి మధ్యలో ఇరికించాడు. సాయంత్రానికి ముత్యాలయ్య ఎంతమందో ఎవరికీ తెలియలేదు. నలుగురూ కలిసి రాసింది అరవై పుటలు. అందులో పంతొమ్మిది పనికిరావు.

"నీవల్ల," అంది జమాల్‌బీ అన్నతో.

"నేను ఒక్క పేరేగదా రాసింది."

"అడిగి రాయొచ్చుగదా."

"ఎవరిని అడగాల? నువ్వు అప్పటికే కొట్టేసుండావు."

ముంతాజ్ ఇద్దరినీ ఊరుకోమనలేదు. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"ఇది అందరి చేతుల్లో ఉంటే లాభం లేదు. ఒకరి దగ్గరే ఉండాల. రాసేదీ కొట్టేసేదీ ఆ ఒక్కరే. మిగతావాళ్లం అడగడమే."

"ఎవరి దగ్గర?" అంది మగ్దలీనమ్మ.

అందరి చూపూ వరండా వైపే పోయింది.

మరుసటి పొద్దున ముంతాజ్ మిగిలిన ఏడొందల పుటలనూ ముప్పయ్యయిదేసి చొప్పున లెక్కపెట్టి, ఒక్కొక్కటీ పాతచీర పేలికలో కట్టింది. ఇరవై కట్టలు. ఒక్కోదానికీ నంబరు. నిన్న రాసిన అరవై కూడా మళ్లీ మొదటి నుంచే. నలుగురినీ నాలుగు చోట్ల కూర్చోబెట్టింది. జమాల్‌బీ నడింట్లో, మగ్దలీనమ్మ తన ఇంట్లోనే, రజాక్ పడమటి గదిలో, తను వంటింటి పక్క సావిట్లో. జవాబు చీటీలు వేయడానికి ఒక్కొక్కరి పక్కన ఒక ఖాళీ డబ్బా పెట్టింది.

"ఎవరి కట్ట వాళ్లది. పక్కవాళ్ల కట్టలో చెయ్యి పెట్టొద్దు. చూడొద్దు కూడా. అనుమానం వస్తే చీటీ రాసి పంపండి. జవాబు వచ్చేదాకా గుమ్మం వంక చూస్తా కూర్చోబాకండి, ఆ మాట దగ్గర ఖాళీ వదిలి ముందుకు పోతా ఉండండి. చేతిలో పుట అయినాకనే మీ డబ్బాలో చీటీలు తీసేది. ముందొచ్చింది ముందు."

"ఒకరు అయిదు కట్టలు తొందరగా రాసేస్తే?" అని అడిగాడు రజాక్.

"ముందే పంచి ఇవ్వను. ఒకటి అయినాక వచ్చి ఇంకొకటి తీసుకుపోండి."

చీటీలు మోయడానికి మదార్‌బీని పెట్టింది. ఆమెకు అక్షరం రాదు. అందువల్ల దారిలో చదివి, ఇదేం అనుమానం అని వెనక్కి తిప్పే బెడద లేదు.

పేర్ల పుస్తకాన్ని కూడా మదార్‌బీయే తీసుకుపోయి భర్త ముందు పెట్టింది.

"ఇది నీ దగ్గరే ఉండాలంట. అందరూ నిన్నే అడుగుతారంట."

"ఎవరు చెప్పినారు?"

"నీ కోడలు."

ఆయన చాలాసేపు దాన్ని తెరవలేదు. మొదటి చీటీ వచ్చింది. 'రెండో కట్ట, అయిదో పుట. వెంకయ్య తండ్రి పేరు చెరిగింది.' చీటీని వెలుతురులోకి ఎత్తి పట్టుకున్నాడు. పుస్తకం తిరగేసి, వెనకవైపు జవాబు రాసి, మదార్‌బీ చేతికి ఇచ్చాడు.

చీటీ రాసింది ముంతాజ్ అని ఆయనకు తెలుసు. ఆ దస్తూరీ తను నేర్పిందే.

*

పని సాగింది. ఇల్లు మాత్రం ఇల్లులాగా లేదు.

అన్నాలు ఎవరివి వాళ్లు పెట్టుకుని తిన్నారు. మగ్దలీనమ్మ చూపుడువేలు వాచింది. రజాక్ పోస్టాఫీసులో స్టాంపు వేస్తూ కునికాడని పోస్టుమాస్టరు రెండు మాటలు అన్నాడు. అది చెప్పుకునే ఓపిక కూడా లేక అతను మూడు రోజుల దాకా ఇంట్లో చెప్పలేదు.

మామాకోడళ్ల మధ్య ఒక్క మాట లేదు. చీటీలు మాత్రం రోజుకు పాతిక ముప్పై. 'ఏడో కట్ట, పేరమ్మా పెద పేరమ్మా ఒకరేనా?' 'కాదు. వేరు ఇళ్లు.' 'నాలుగో కట్ట, పదో పుట. తేదీ రెండు రకాలుగా ఉంది.' 'ఉన్నట్టే రాయవలెను.' అంతకు మించి ఒక్క అక్షరం ఎక్కువ ఉండేది కాదు.

తొమ్మిదో రోజు జమాల్‌బీకి జ్వరం తగిలింది. పన్నెండో కట్ట సగంలో ఉంది. ముంతాజ్ వచ్చి నుదురు పట్టుకు చూసి, ఆ కట్ట తన చేతికి తీసుకుంది. జమాల్‌బీ రాసిన పదహారు పుటలు పక్కన పెట్టేసింది.

"అవి రాసేసినా గదా వదినా."

"ఎప్పటినించి ఒళ్లు కాలతా ఉండాదో నీకే తెలీదు. మొదటినించి నేను రాస్తా."

"పదహారు పుటలు."

"పడుకో."

జమాల్‌బీ గోడవైపు తిరిగి ఏడ్చింది. వదిన మాట కటువుగా లేదు. ఓదార్పుగానూ లేదు. తక్కిన ఇద్దరికీ ఈ సంగతి సాయంత్రం దాకా తెలియలేదు. వాళ్ల పని ఆగలేదు.

పదకొండో రోజు పొద్దుగూకే వేళకు ఇరవయ్యో కట్ట కూడా అయిపోయింది. ముంతాజ్ ఇరవై నకళ్లనూ వరసలో పేర్చి, మామగారి రెండొందల పది పుటల కింద పెట్టింది. వాటిలో తప్పులు పడిన మూడు పుటలూ అంతకుముందే తిరగరాసింది. సంతోషించాలని ఆమెకు అనిపించింది గాని, కూర్చున్నచోటే కళ్లు మూతలు పడ్డాయి.

*

పన్నెండో రోజు పొద్దున, తొలి బస్సుకు పేరమ్మ వచ్చింది.

నలభై దాటిన మనిషి. రెండేళ్లయింది మొగుడు సముద్రం మీద చేపల వేటకు పోయి తిరిగి రాక. జువ్వలదిన్నె నుంచి కావలి దాకా నడిచి, అక్కడ బస్సెక్కి వీళ్ల ఊరు కొడవలూరులో దిగింది. మధ్యాహ్నం రెండు గంటల బస్సులో కచేరి బంట్రోతు వచ్చి అసలు రికార్డు తీసుకుపోతాడని వకీలుగారి దగ్గర విన్నదట.

"పోయేలోపల నాది ఒకసారి చదివి వినిపిస్తావామ్మా?" అంది ముంతాజ్‌తో. "అందులో మా ఆయన పేరు రాసుంటారు. ఇంకెక్కడా రాసిలేదు."

"కూర్చో పేరమ్మక్కా. నీ నంబరు తెలుసా?"

"రెండొందల ఎనభై ఎనిమిది. చేతి మీద రాసిచ్చినారు అప్పుడు."

ముంతాజ్ నకలు తిప్పింది. రెండొందల ఎనభై ఏడు. పుట తిరగేసింది. రెండొందల ఎనభై తొమ్మిది.

వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. ఎనభై ఏడు ఎనిమిదో కట్ట చివర ముగిసింది. ఎనభై తొమ్మిది తొమ్మిదో కట్ట మొదట్లో ఉంది.

"ఏమ్మా, లేదా?"

"ఉంటుందిలే," అంది ముంతాజ్.

అసలు రికార్డులో ఆ రెండు కట్టలూ కలిసేచోటు తీసింది. ఎనిమిదో కట్ట ఆఖరి పుట అడుగున రెండే వరసలు. నంబరు, పేరమ్మ పేరు, మొగుడి పేరు. మిగతా వాంగ్మూలమంతా తొమ్మిదో కట్ట మొదటి పుటలో ఉంది. లెక్కకు ముప్పయ్యయిదు పుటలు కాగానే తను కట్ట కట్టేసింది. వాంగ్మూలం ఎక్కడ ముగిసిందో చూడలేదు.

గోడ అవతల ఉన్న మగ్దలీనమ్మను పిలిచింది.

"నా కట్ట మాట నడుమలో మొదలయింది," అంది మగ్దలీనమ్మ. "పైన నంబరు లేదు. ముందు కట్ట వాళ్లు రాస్తారులే అని వదిలినా."

మంచం మీద నుంచి జమాల్‌బీ లేచి కూర్చుంది.

"నేను చీటీ వేసినా వదినా. ఈ చివరి రెండు వరసలూ ఎవరు రాయాలని. జవాబు రాలా. తరవాతి కట్టలో మొత్తం ఉంటుందిలే అనుకున్నా."

"ఎవరికి వేసినావు?"

"నాయనకి."

ముంతాజ్ వరండాలోకి వెళ్లింది. వారం రోజుల్లో ఆమె ఆయన ఎదురుగా నిలబడటం అదే మొదటిసారి.

"మామా. ఎనిమిదో కట్ట నించి ఒక చీటీ వచ్చిందా?"

ఖాదర్ మొహిద్దీన్ పేర్ల పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. జానిమాజ్ అంచు ఎత్తాడు. కింద మడతలు పెట్టిన చీటీలు. ముంతాజ్ వంగి ఏరింది. పదకొండు ఉన్నాయి. అన్నీ పెన్సిలుతో రాసినవే.

"సిరాతో రాసినవి వెలుతురులో పెడితే తెలుస్తాయి," అన్నాడు. "పెన్సిలువి నాకు కనబడవు."

"ఒక్క మాట చెప్పుంటే సిరాతోనే రాసేవాళ్లంగదా."

"ఎవరికి చెప్పేది? మాట మానేసింది నేనేగదా."

గుమ్మంలో నిలబడి ఉన్న మదార్‌బీ అంది, "రోజూ తెచ్చిస్తా ఉంటే తీసుకుంటా ఉండావు. నాకన్నా చెప్పినావా?"

"నీకు చదవను రాదు."

"నీకూ రాలేదుగదా."

ముంతాజ్‌కు కోపం రావలసిందే. రాలేదు. కట్టలు గుడ్డిగా కట్టింది తను. చీటీలు దాచింది ఆయన. ఎవరి తప్పు ఎంతో తేల్చుకునే టైము లేదు. గోడ గడియారంలో తొమ్మిదిన్నర.

ఆమె అక్కడే కింద కూర్చుని పదకొండు చీటీలూ ఒక్కొక్కటే గట్టిగా చదివింది. ఆయన పుస్తకం ఆమె చేతికి ఇచ్చి, ఏ పుట తీయాలో నోటితో చెప్పాడు. చాలావరకు ఆ పుట తెరవకముందే జవాబు చెప్పేశాడు. ఆమె నకళ్లలో వదిలిన ఖాళీలు నింపింది. తరువాత రజాక్‌ను లేపారు. అతను ఆ రోజు సెలవు పెట్టాడు.

"కట్ట చివర మొదలైన వాంగ్మూలం ఆ కట్టవాళ్లదే," అంది ముంతాజ్. "తరవాతి కట్టలోకి పోయి అయినా వాళ్లే ముగించాల. నడుమలోంచి కట్ట మొదలైతే, మొదటి నంబరు కనబడేదాకా వదిలేయాల. ఇట్లా మొదటి రోజే చెప్పుండాల్సింది."

ఇరవై అతుకులు వెతికారు. పేరమ్మది కాక ఇంకో మూడు కుటుంబాలు అట్లానే జారిపోయి ఉన్నాయి. ఒకచోట ఒకే వాంగ్మూలం రెండు కట్టల్లోనూ ఉంది.

పన్నెండు దాటేసరికి ఒక్క రెండొందల ఎనభై ఎనిమిదే మిగిలింది.

"సంతకం?" అన్నాడు రజాక్.

"ఎవరి కట్ట కింద వాళ్ల పేరు," అన్నాడు ఖాదర్ మొహిద్దీన్. "నా రెండొందల పది కింద నా పేరు. నాకు చూపు ఆనడం లేదనీ, నా పుటలు నా కోడలు సరిచూసిందనీ అందులోనే రాయండి."

"ఆడవాళ్ల సంతకాలు కచేరిలో ఒప్పుకుంటారా నాయనా?"

"అది వాళ్లు చెప్పాల. అబద్ధం సంతకం మాత్రం నేను పెట్టను."

ముంతాజ్ ఆయన వైపు చూసింది. ఆయన ఆమె వైపే మొహం పెట్టి ఉన్నాడు గాని, సరిగ్గా ఆమె ఉన్నచోటికి కాదు.

*

పొద్దున్నుంచీ గడపలో కూర్చున్న పేరమ్మను లోపలికి పిలిచారు. ముంతాజ్ అసలు చూసి చదువుతూ, చదివింది చదివినట్టు రాయడం మొదలుపెట్టింది.

"'నా పేరు పేరమ్మ. నా భర్త మస్తానయ్య వేటలో చనిపోయినాడు.'"

పేరమ్మ కళ్లు మూసుకుంది.

"'నాకు ఒడ్డున సొంత ఇల్లు లేదు. నా మరిది గంగులయ్య ఇంట్లో ఒక పంచన ఉండేదాన్ని.'"

పేరమ్మ కళ్లు తెరిచింది.

"నేనట్లా చెప్పలా."

కలం ఆగింది.

"నాకు ఇల్లుండిందమ్మా. మా ఆయన తాటిదూలాలేసి కట్టినాడు. సముద్రం తీసుకుపోయింది ఆ ఇంటినేగదా. పంచన ఉండేది ఇప్పుడు."

"వేలిముద్ర ఉందే అక్కా."

"వేసినా. వేలు పట్టుకుని వేయించినారు. ఏం రాసుకున్నారో నాకేం తెలుసు. ఆడమనిషివి నువ్వెందుకు, నీ మాట కూడా నేనే చెప్తాలే అని మా మరిదే ముందు కూర్చున్నాడు."

ముంతాజ్ మామగారి వైపు తిరిగింది. అడగవలసిన పని లేదు.

"అసలులో ఉన్నది ఉన్నట్టే రాయి," అన్నాడు ఆయన.

"అబద్ధమని తెలిసి కూడానా మామా?"

"ఇక్కడ ఒక్క అక్షరం మార్చినావంటే, మిగతా తొమ్మిదొందల పుటలూ నమ్మరు. ఈమెతో పాటు నాలుగొందల ఇళ్లు పోతాయి."

కలం మళ్లీ కదిలింది. సొంత ఇల్లు లేదు. పంచన ఉండేదాన్ని. తప్పుల్లేని గుండ్రటి దస్తూరీలో ముంతాజ్ మొత్తం రాసింది. పేరమ్మ ఆ నల్లటి గీతల వంకే చూస్తూ కూర్చుంది.

"అయిపోయిందామ్మా?"

"అయిపోయింది అక్కా."

రజాక్ గోనెసూదితో అసలు రికార్డును మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు.

"నీ మరిది వచ్చి, ఆరోజు నేను చెప్పింది తప్పు అంటాడా?" అని అడిగాడు ఖాదర్ మొహిద్దీన్.

"ఆయన నాతో మాట్లాడి ఏడాదిన్నర అవతా ఉండాది సాయెబుగారూ."

"ఇంకెవరన్నా చూసినవాళ్లు?"

"పక్కిల్లు కామమ్మది. చూసింది. చెప్తుందో లేదో. మా మరిది పడవలోనే ఆమె కొడుకు వేటకి పోతాడు."

ముంతాజ్ కలం తుడిచి పక్కన పెట్టింది.

"నేను వస్తా నీతో. కామమ్మ ఏం చెప్తే అది రాసుకుంటా. కోర్టు వాయిదా ఎల్లుండి, ఆలోపల వకీలుగారి చేతికి ఇద్దాం."

సూది ఆగింది. "నువ్వా?" అన్నాడు రజాక్. "మన ఇంటి ఆడమనిషి ఒక్కతే ఆ పాళేనికి పొయ్యి, ఎవరి గడపలో కూర్చుంటావు? ఆ గంగులయ్య ఎట్లాంటోడో తెలుసా?"

"తెలీదు."

"నాయనా, నువ్వన్నా చెప్పు."

ఖాదర్ మొహిద్దీన్ పొమ్మనలేదు, వద్దనలేదు. వరండా అవతల రోడ్డు మీద బస్సు ఆగిన చప్పుడయింది. కచేరి బంట్రోతు గొడుగు ముడుచుకుంటూ మెట్లెక్కాడు.

"రికార్డు సిద్ధమేనా సాయెబుగారూ?"

రజాక్ ఆఖరి కుట్టు ముడేశాడు. మదార్‌బీ లేచి గోడకున్న మేకు దగ్గరికి వెళ్లి బురఖా తీసింది. కోడలిది కాదు, తనది. ఆమె అది వేసుకుని ఊరు దాటి నాలుగేళ్లయింది.

"ఏమయ్యా," అంది బంట్రోతుతో, "కావలికి పొయ్యే బస్సు ఎన్నింటికి?"